‘చాలు’ అనే మాట ఎవరిది?

మిన్నెసోటాలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వచ్చిన తెలుగు అమ్మానాన్నలు మొదటి వారంలోనే బ్లూమింగ్టన్‌లోని మాల్ ఆఫ్ అమెరికా చూసేస్తారు. నన్నూ తీసుకెళ్ళారు. కప్పు కింద రంగులరాట్నాలు, నీళ్ళ మీద జారే పడవలు, ఐస్‌క్రీం కోసం పేచీ పెడుతున్న పసివాళ్ళు. ఆ సందడి మధ్య మా అన్నయ్య ఒకచోట ఆగి నేలమీదికి వంగాడు. అక్కడ అయిదు మూలల లోహపు పలక ఒకటి నేలలో బిగించి ఉంది.

ఆ మాల్ కట్టకముందు అక్కడ మెట్రోపాలిటన్ స్టేడియం ఉండేదట. బేస్‌బాల్‌లో బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ సరిగ్గా ఆ పలక ఉన్న చోటే. దూరంగా గోడమీద, అందనంత ఎత్తున, ఎర్ర కుర్చీ ఒకటి బిగించి ఉంది. 1967 జూన్ 3న హార్మన్ కిల్‌బ్రూ కొట్టిన బంతి వెళ్ళి పడిన చోటుకు అది గుర్తు. ఇప్పుడు ఆ కుర్చీ కిందుగా పిల్లల పడవలు పోతున్నాయి.

అన్నయ్య 1988లో చదువుకోవడానికి ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా అమ్మాయి ఫిజియోథెరపిస్టు. దాని దగ్గరికి వచ్చేవాళ్ళలో హైస్కూల్ బేస్‌బాల్ కుర్రాళ్ళే ఎక్కువ, అందరిదీ మోచేతి బాధే. ఈ ఆట గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే మధ్యలో నాకు కాఫీ కూడా దొరకదని అప్పటికే తెలుసు. ఆ రోజు ఆ పలక పక్కన మొదలైన మాట ఇంటికి చేరేదాకా సాగింది.

మామయ్య: అమ్మలూ, శాండీ కోఫాక్స్ ఆ సిరీస్ చివరి మ్యాచ్‌లో బంతి వేసింది ఈ ప్లేటుకే. 1965 అక్టోబరు 14. వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ తరఫున అయిదో మ్యాచ్ మొత్తం వేసి రెండు రోజులే విశ్రాంతి. మోచేతిలో అప్పటికే ఆర్థరైటిస్. వంపు తిరిగే బంతి ఆ రోజు మాట వినలేదు. దాంతో దాదాపు అన్నీ వేగపు బంతులే వేశాడు. ఏం వస్తుందో బ్యాటర్లకు ముందే తెలుసు. అయినా మూడే హిట్లు, పది మంది స్ట్రైకౌట్. 2-0తో గెలిచాడు. మిన్నెసోటా ట్విన్స్‌ను వాళ్ళ సొంత మైదానంలో, వాళ్ళ జనం ముందు ఓడించాడు. పౌరుషమంటే అదీ.

అమ్మాయి: మామయ్యా, ఆ మరుసటి ఏడాది కథ కూడా అమ్మకు చెప్పండి.

మామయ్య: 1966లో 27 మ్యాచ్‌లు గెలిచాడు.

అమ్మాయి: గెలిచి ఆట మానేశాడు. ముప్పై ఏళ్ళకి! అంతకంటే గొప్పగా వేసేవాడు అప్పుడు లోకంలో లేడు. ఆట అయ్యాక కూడా బతుకు చాలా ఉందని, అప్పుడు ఈ చెయ్యి పనిచేయాలని అనుకున్నాడు. మీరు పౌరుషం అన్నది 1965లో ఉంటే, నాకు అది 1966లో కనిపిస్తుంది. తన చేతికి ‘చాలు’ అని తనే చెప్పగలిగాడు.

ఇక్కడ, క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని నాలాంటివాళ్ళ కోసం ఒక మాట. క్రికెట్ బౌలర్ చెయ్యి చాచి తిప్పి వేస్తాడు. పిచర్ మోచెయ్యి మడిచి విసురుతాడు. మట్టిదిబ్బ మీద నిలబడి, అరవై అడుగుల ఆరంగుళాల దూరంలో ఉన్న ప్లేటు వైపు, మ్యాచ్‌కి వంద సార్లు. విసిరిన ప్రతిసారీ ఆ భారం మోచేతి లోపలివైపు ఎముకల్ని కలిపి ఉంచే చిన్న నరం లాంటి పట్టీ మీద పడుతుంది. అది స్నాయువు. చేతికి ఎంత కండ పెంచినా దాన్ని కండలా పెంచలేం. తెగితే బంతి పట్టుకోగలరు, అన్నం తినగలరు, అంత బలంగా విసురుతూ ఉండడం మాత్రం కుదరదు. ఇంకో తేడా: ఆట మధ్యలో మార్చేసిన పిచర్ ఆ మ్యాచ్‌లో మళ్ళీ బంతి వేయడానికి రాకూడదు. మేనేజర్ నడుచుకుంటూ వచ్చి చెయ్యి చాపుతాడు. పిచర్ ఆ చేతిలో బంతి పెట్టి వెళ్ళిపోవాలి. వీళ్ళ వాదమంతా ఆ చాపిన చెయ్యి గురించే.

మామయ్య: కోఫాక్స్ సంగతి వదిలెయ్. నా కళ్ళతో నేను చూసింది చెప్తా. 1991 అక్టోబరు 27. మిన్నియాపొలిస్ మెట్రోడోమ్. అప్పటికి నేనొచ్చి మూడేళ్ళు. హాస్టల్లో టీవీ ముందు నలభై మందిమి. ట్విన్స్, అట్లాంటా బ్రేవ్స్, చెరి మూడు మ్యాచ్‌లు. మా వైపు జాక్ మోరిస్. ఊరివాడే, సెయింట్ పాల్‌లో పుట్టాడు. 36 ఏళ్ళు, మీసాలు, ఎప్పుడూ చిరాగ్గా ఉండే మొహం. అటువైపు జాన్ స్మోల్ట్జ్, 24 ఏళ్ళు. ఆ కుర్రాడు మిషిగన్‌లో పెరుగుతూ మోరిస్‌నే ఆరాధించాడు. తను దేవుడనుకున్నవాడి ఎదురుగా నిలబడి వేస్తున్నాడు. ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఇద్దరూ ఒక్క పరుగు ఇవ్వలేదు.

అమ్మాయి: ఇది నాకు మీరు చిన్నప్పటి నుంచీ చెప్తున్నదే.

మామయ్య: మీ అమ్మకు చెప్తున్నానే! ఎనిమిదో ఇన్నింగ్స్. బ్రేవ్స్ వాడు లోనీ స్మిత్ మొదటి బేస్ మీద ఉన్నాడు. తర్వాతి బ్యాటర్ గట్టిగా కొట్టాడు, బంతి గోడదాకా పోయింది. స్మిత్ ఇంటికొచ్చేయాలి. కానీ బంతి ఎక్కడుందో కనబడక రెండో బేస్ దగ్గర తటపటాయించాడు, మూడో బేస్ దగ్గర ఆగిపోయాడు. ఇప్పుడు రెండు బేసుల మీదా మనుషులు, ఒక్కడూ అవుట్ కాలేదు. ఒక పరుగిస్తే ఏడాది మొత్తం పోయినట్టే. మోరిస్ మొదటివాడితో నేలమీద బలహీనంగా కొట్టించాడు, ఒక అవుట్. తర్వాతివాణ్ణి కావాలనే నడిపించి బేసులన్నీ నింపారు. ఆ తర్వాత సిడ్ బ్రీమ్. బంతి మొదటి బేస్ ఆటగాడి చేతిలోకి, అక్కణ్ణుంచి ఇంటికి, ఇంటినుంచి మళ్ళీ మొదటి బేస్‌కి. ఇద్దరూ అవుట్. మోరిస్ పిడికిలి ఆడిస్తూ అరిచిన అరుపు మాకు వినబడలేదు. ఆ గాలి కప్పు కింద తెల్ల రుమాళ్ళు ఊపుతున్న జనం గోల అంతలా ఉంది. హాస్టల్లో నా పక్కనున్న తెల్ల కుర్రాడు నన్ను కావలించుకుని ఏడ్చాడు. అప్పటిదాకా వాడు నాతో ఒక్క మాట మాట్లాడి ఎరగడు.

నేను: తొమ్మిది ఇన్నింగ్స్‌తో అయిపోతుంది కదా అన్నయ్యా?

మామయ్య: సమానంగా ఉంటే అవదు. తొమ్మిది పూర్తిచేసి వచ్చాక మేనేజర్ టామ్ కెల్లీ ‘చాలు, గొప్పగా వేశావు’ అన్నాడు. మోరిస్ ఒప్పుకోలేదు. పదో ఇన్నింగ్స్ కూడా వేశాడు. ఎనిమిది బంతుల్లో ముగ్గుర్ని పంపాడు. మొత్తం 126 బంతులు, అదీ మూడు రోజుల విశ్రాంతితో. కింది వంతులో జీన్ లార్కిన్ కొట్టాడు, డాన్ గ్లాడెన్ ఇంటికొచ్చాడు, 1-0. ఆ తర్వాత ఇన్నేళ్ళలో వరల్డ్ సిరీస్‌లో పది ఇన్నింగ్స్ వేసిన పిచర్ ఇంకొకడు లేడు. భీష్ముడు పది రోజులు సేనాపతి, మోరిస్‌వి పది ఇన్నింగ్స్. ముసలి ప్రాణానికి యుద్ధంలో ఏం తెలుస్తుందో ఆ రాత్రి చూశాను.

అమ్మాయి: సరే మామయ్యా. మరి 1992?

ఆ ప్రశ్నకు అన్నయ్య మొహం కొంచెం మారింది. నాకు ఆ ఏడాది సంగతి తెలియదు కాబట్టి మా అమ్మాయే చెప్పింది.

అమ్మాయి: మరుసటి ఏడాది ఈయన టొరంటో బ్లూ జేస్‌లో చేరాడు. సీజన్‌లో 21 గెలిచాడు. వరల్డ్ సిరీస్‌లో ఎదురుగా మళ్ళీ అదే అట్లాంటా. రెండు మ్యాచ్‌లు వేసి రెండూ ఓడిపోయాడు, చిత్తుగా కొట్టించుకున్నాడు. టీమ్ గెలిచింది, ఈయన వల్ల కాదు. అదే గుండె, అదే పంతం, అదే ప్రత్యర్థి, మధ్యలో ఒక్క ఏడాది. 1991 రాత్రి గెలిపించింది పౌరుషమే అయితే 1992లో అదెక్కడికి పోయింది?

మామయ్య: చెయ్యి అరిగింది.

అమ్మాయి: నేననేదీ అదే. చెయ్యి ఉన్నంతసేపే గుండె పనిచేస్తుంది. ఆ రాత్రి స్ప్లిట్టర్ పడింది. చూపుడువేలు, నడిమివేలు మధ్య ఇరికించి వేస్తే ప్లేటు దగ్గరికొచ్చి కిందికి జారిపోతుంది కదా, ఆ బంతి పడింది. లోనీ స్మిత్ ఆగాడు. బ్రీమ్ కొట్టిన బంతి సరిగ్గా చేతిలోకి వెళ్ళింది. ఇవన్నీ కలిసొచ్చాక మనం దానికి పౌరుషం అని పేరు పెట్టాం.

మామయ్య: తల్లీ, లెక్కలవాళ్ళూ ఇదే అన్నారు. హాల్ ఆఫ్ ఫేమ్‌కి పంపకుండా విలేకరులు పదిహేనేళ్ళు ఓట్లలో నిలబెట్టారు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన సగటు పరుగులు 3.90, ఎక్కువని. ఆఖరికి మరో కమిటీ ఓటుతో 2018లో చోటు దొరికింది. వాళ్ళకి 254 గెలుపులు కనబడలేదు, మొదలుపెట్టిన మ్యాచ్‌ని తనే ముగించడం 175 సార్లు చేశాడన్నదీ కనబడలేదు. నేనడిగేది ఒకటి. బేసులు నిండినప్పుడు, ముప్పై ఆరేళ్ళ వయసులో, వేగం తగ్గినప్పుడు, ఏ బంతి వేయాలో ఎంచుకునే బుద్ధి ఎక్కణ్ణుంచి వస్తుంది? కుర్రాడు భయపడితే ఇంకా గట్టిగా విసురుతాడు. ముసలివాడు నెమ్మదిస్తాడు. అవతలివాడు తన బలం చూపించాలనుకున్న చోట బంతి లేకుండా చేస్తాడు. పౌరుషమంటే అరుపే అనుకోకు. ఇదీ పౌరుషమే.

ఈ మాట నాకు బాగా తగిలింది. 2010లో మొహాలీలో వీవీఎస్ లక్ష్మణ్ నడుం పట్టేసి, రన్నర్ని పెట్టుకుని ఆస్ట్రేలియా మీద 73 నాటౌట్‌గా నిలబడి ఒక్క వికెట్ తేడాతో గెలిపించిన రోజు గుర్తొచ్చింది. మన హైదరాబాద్ మణికట్టు మనిషి, గొంతెత్తి మాట్లాడి ఎరగనివాడు, పరుగు కోసం కదలని ఓఝా మీద అందరి ముందూ కేకలేశాడు. కోపం అతనికి ఆ పూట మాత్రమే వచ్చింది, షాట్లలోకి మాత్రం రాలేదు. వెంటనే కుంబ్లే కూడా గుర్తొచ్చాడు. 2002లో ఆంటిగ్వాలో దవడ విరిగి, తలచుట్టూ కట్టు కట్టుకుని పధ్నాలుగు ఓవర్లు వేసి లారాను అవుట్ చేశాడు. ఆ సంగతి ఎత్తాను, అన్నయ్య పక్షాన.

అమ్మాయి: అమ్మా, కుంబ్లే దవడతో బౌలింగ్ చేయలేదు. వేసే ప్రతి బంతికీ ఆయన దవడ ఇంకొంచెం విరగలేదు. నొప్పి వేరు, గాయం వేరు. నొప్పిని ఓర్చుకోవడం ధైర్యమే, ఒప్పుకుంటా. కానీ పిచర్‌కి నొప్పి పుట్టేదీ, బంతి పుట్టేదీ ఒకటే చోటు. అక్కడ ఓర్చుకోవడమంటే దాన్ని తెంపుకోవడమే. నోలన్ రయన్ ఆఖరి మ్యాచ్ తెలుసా? 1993, సియాటిల్. 46 ఏళ్ళు. మోచేతిలో స్నాయువు తెగింది. తెగాక ఇంకో బంతి వేశాడు, అదీ గంటకు 98 మైళ్ళ వేగంతో. అందరూ ఆ 98 గురించే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ మనిషి శరీరం అరిచి చెప్పినా వినలేని స్థితికి వచ్చేశాడనే అనిపిస్తుంది.

మామయ్య: ఇరవై ఏడేళ్ళు ఆడినవాడమ్మా. అతనికి తెలీదా?

అమ్మాయి: అతనికి తెలుసు, అతని ఇష్టం. నా గొడవ నా బల్ల మీద కూర్చునే పదహారేళ్ళవాడి గురించి. అలసిన చేతితో తరచూ బంతులు వేసే కుర్రాళ్ళకి శస్త్రచికిత్స అవసరమయ్యే ముప్పు 36 రెట్లని 2006లో ఒక అధ్యయనం తేల్చింది. పదిహేను పదహారేళ్ళవాళ్ళు రోజుకి 95 బంతులు దాటకూడదని మేజర్ లీగ్ వాళ్ళే సూచించారు. అది పిల్లలకీ తెలుసు, కోచ్‌కీ తెలుసు. అయినా నా దగ్గరికొచ్చాక ఆర్నెల్లుగా నొప్పని చెప్తారు. ఎందుకు చెప్పలేదురా అంటే తల దించుకుంటారు. మామయ్యా, చిన్నప్పుడు నాకు ఖడ్గతిక్కన కథ చెప్పింది మీరే. యుద్ధంలో ఓడి ఇంటికొస్తే, భార్య మంచం అడ్డుపెట్టి స్నానానికి నీళ్ళూ పసుపుముద్దా పెట్టిందని. ఆయన సిగ్గుతో తిరిగి వెళ్ళి చచ్చిపోయాడని. నొప్పి అని చెప్పబోయే ప్రతి కుర్రాడి కళ్ళ ముందూ ఎవరో ఒకరు ఆ పసుపుముద్ద పెడుతున్నారు. మోరిస్ కథ కూడా ఒక పసుపుముద్దే.

అన్నయ్య చాలాసేపు ఏమీ అనలేదు. రంగులరాట్నం నాలుగుసార్లు తిరిగింది. నాకు మా అమ్మాయి మాటే నిజమనిపించింది, అన్నయ్య చూసిన ఆ రాత్రి అబద్ధమనీ అనిపించలేదు.

మామయ్య: అయితే బ్లేక్ స్నెల్ సంగతి చెప్పు. 2020 అక్టోబరు 27. చూడు, తేదీ కూడా అదే. వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్, టాంపా బే ఓడితే ఇంటికే. స్నెల్ 73 బంతులే వేశాడు, తొమ్మిది మంది స్ట్రైకౌట్. డాడ్జర్స్ మొదటి ముగ్గురు బ్యాటర్లు ఆరుసార్లు వచ్చి ఆరుసార్లూ స్ట్రైకౌట్. ఆరో ఇన్నింగ్స్‌లో ఒక్క హిట్ పడగానే మేనేజర్ కెవిన్ క్యాష్ వచ్చి చెయ్యి చాపాడు. బ్యాటర్లు మూడోసారి చూస్తే పిచర్‌ని చదివేస్తారని లెక్క. కొత్త పిచర్ రాగానే మూకీ బెట్స్ కొట్టాడు, ఆధిక్యం పోయింది, సిరీస్ పోయింది. అక్కడ చేతికి ఏ నొప్పీ లేదు. మనిషిని చూడకుండా కాగితం చూశారు.

అమ్మాయి: అది తప్పే.

మామయ్య: ఒప్పుకున్నావా!

అమ్మాయి: ఎందుకొప్పుకోను? అది తప్పు. 2003లో బోస్టన్ చేసిందీ తప్పే. పెద్రో మార్టినెజ్, యాంకీస్ మీద ఏడో మ్యాచ్, ఎనిమిదో ఇన్నింగ్స్ మొదట్లో 5-2 ఆధిక్యం. బంతులు వంద దాటాయి. మేనేజర్ గ్రేడీ లిటిల్ దిబ్బ మీదికి వెళ్ళి, వేయగలవా అని అడిగాడు. వేయగలనన్నాడు. ఏమంటాడు మరి? ఆ మనిషి ఒంట్లో ‘వేయలేను’ అనే మాటే లేదు, అందుకే కదా అతను పెద్రో. వరసగా కొట్టారు, 5-5 అయింది, పదకొండో ఇన్నింగ్స్‌లో ఓడిపోయారు. లిటిల్ ఉద్యోగం పోయింది. కాగితం చూసినవాడూ తప్పాడు, పిచర్‌ని అడిగినవాడూ తప్పాడు. ఆ ఇద్దరూ చూడాల్సింది చూడలేదు. చేతిని చూడలేదు.

మామయ్య: మరి షర్జర్?

అమ్మాయి: నవ్వకండి. ఆయన గురించి నేనే చెప్పాలనుకున్నా.

మాక్స్ షర్జర్ కథ కారెక్కాక మొదలైంది. 2025 అక్టోబరు, సియాటిల్. టొరంటో తరఫున 41 ఏళ్ళ పిచర్. అంతకు ముందు సిరీస్‌కి జట్టులోకే తీసుకోలేదు. ఒక కన్ను నీలం, ఒక కన్ను గోధుమ రంగు అని మా అమ్మాయి చెప్తే ఫోన్‌లో చూశాను, నిజమే. అయిదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్ల తర్వాత మేనేజర్ జాన్ ష్నైడర్ డగౌట్ దాటి వస్తుంటే, ఆయన దిబ్బ మీద నుంచే గట్టిగా అరిచాడు. మేనేజర్ ఆ మొహం చూసి, బంతి అడక్కుండా వెనక్కి తిరిగాడు. షర్జర్ తర్వాతి బ్యాటర్‌ని స్ట్రైకౌట్ చేశాడు.

మామయ్య: ఇప్పుడు చెప్పు. అరుపుకి భయపడ్డాడంటావా?

అమ్మాయి: కాదు. ఆ దూరం నడిచి వెళ్ళాడు కదా, అందులో ఉంది. డగౌట్‌లో కూర్చుని కాగితం చూస్తే అది తెలీదు. దగ్గరికెళ్ళి చూస్తే తెలుస్తుంది, మోచెయ్యి ఎత్తులోనే ఉందా, భుజం కిందికి జారుతోందా, బంతి ఇంకా అనుకున్న చోటే పడుతోందా అని. అప్పుడు ఆ అరుపు కూడా ఒక సాక్ష్యమే. కానీ అదొక్కటే సాక్ష్యం కాదు.

మామయ్య: కెల్లీ చేసింది కూడా అదే. మోరిస్ మాట ఒక్కటే వినలేదు. పక్కనున్న పిచింగ్ కోచ్ డిక్ సచ్ వైపు చూశాడు. బాగానే ఉన్నాడు, ఉంచుదామన్నాడు సచ్. ఇదీ ఒక ఆటే కదా అని కెల్లీ ఒప్పుకున్నాడు.

అమ్మాయి: కోచ్‌ని అడిగిన సంగతి నాకెప్పుడూ చెప్పలేదు మామయ్యా.

అది నిజం. ఎన్నేళ్ళుగానో ఈ కథ చెబుతున్న అన్నయ్య, మోరిస్ ఒప్పుకోలేదు అనే మాట దగ్గరే ఆగి పదో ఇన్నింగ్స్‌లోకి దూకేవాడు. ఆ రెండు మాటల మధ్య ఇంకొక మనిషి ఉన్నాడు. మేనేజర్ చూపు అతని వైపు తిరిగిన ఒక క్షణం ఉంది. వేసేవాడి గుండె తన గురించి తను సాక్ష్యం చెప్పుకోలేదు కాబట్టే ఆ చూపు కావలసి వచ్చింది. ఇంటి ముందు కారు ఆగింది. ఎవరూ దిగలేదు.

మామయ్య: సరే అమ్మలూ. ఆ రాత్రి నువ్వే కెల్లీవి. తొమ్మిది అయ్యాయి. మోరిస్ నీ ముందు నిలబడి, వెళ్ళనంటున్నాడు. ఏం చేస్తావు?

అమ్మాయి: పదో ఇన్నింగ్స్‌కి పంపిస్తాను.

మామయ్య: ఆఁ!

అమ్మాయి: పంపించి మెట్టు మీద నిలబడతా, కూర్చోను. మొదటి బంతి చూస్తా. మోచెయ్యి జారితే రెండోది పడకముందే వెళ్తా.

మామయ్య: అతను బంతి ఇవ్వడు.

అమ్మాయి: ఇచ్చేదాకా చెయ్యి చాపుకునే నిలబడతాను మామయ్యా.